జీరో టిక్కెట్టు

పంజగుట్ట నిమ్సు ఆసుపత్రికి రోగులను వెంటబెట్టుకొని వచ్చు తల్లులును, అమీరుపేటలో కంప్యూటరు చదువులకై జిల్లాలనుండి వచ్చి హాస్టళ్లలో నుండు బాలికలును ఒకే బస్సులో నిలువబడి పోవుట మేము నిత్యము చూచుచున్నాము. తెలంగాణ వారమని తెలుపు గుర్తింపు కార్డు చూపినచో కండక్టరు జీరో టిక్కెట్టు చేతికిచ్చును. ఈ ఏర్పాటు 2023 డిసెంబరు 9వ తేదీన మొదలైనది. తమిళనాడు 2021లోనే యిట్టి మార్గము చూపినది. ఆంధ్రప్రదేశము 2025 ఆగస్టు 15న అనుసరించెను.

ఉచితమని దీనిని పరిహసించువారు పెక్కురు. వారి జేబులో ఎప్పుడును చిల్లర యుండును గాబోలు! పూర్వాచారము విడువని గృహములయందు స్త్రీ గడప దాటవలెనన్న ముందుగా అడుగవలసినది సెలవు కాదు, చార్జీ డబ్బు. పుట్టింటికి పోవలెనన్నను, మోకాలినొప్పికి వైద్యునికి చూపుకొనవలెనన్నను, ఆ డబ్బుతోపాటు "ఇప్పుడెందుకు?" అను ప్రశ్న వచ్చును. అడుగువాడు దుర్మార్గుడు కానక్కరలేదు, లెక్క చూచుకొను గృహస్థుడే. శాసనములు చొరలేని యింటిలోనికి ఈ చిన్న చీటీ చొరబడినది.

అయితే ఈ ప్రయాణమునకు వెల లేకపోలేదు. జీరో టిక్కెట్ల లెక్కనుబట్టి ప్రభుత్వము ఆర్టీసీకి సొమ్ము చెల్లింపవలెను. "డబ్బే లేదు గదా, కాగితమెందుకు?" అని టిక్కెట్టు పుచ్చుకొనని సోదరీమణులు సంస్థకు నష్టము కలిగించుచున్నారు.

ఇక బస్సుల మాట. 1932లో నిజాము రాష్ట్ర రైల్వే వారు 27 బస్సులతో నెలకొల్పిన రవాణాశాఖయే ఆర్టీసీకి మూలము. ఎన్నికల వాగ్దానమైన ఈ పథకము క్రొత్త ప్రభుత్వము ప్రమాణము చేసిన రెండు దినములకే ఆరంభమైనది. రెండు దినములలో క్రొత్త బస్సులు పుట్టవు గదా! సాయంకాలము మైత్రీవనము నొద్ద ఫుట్‌బోర్డుపై వ్రేలాడు గుంపును చూచిన ఆ తొందర తెలియును. మెట్రో డీలక్సు బస్సునకు చార్జీ యీయవలెను. అమీరుపేటలో తలపై కలియు రెండు మెట్రో రైలు మార్గములలోను జీరో టిక్కెట్టు చెల్లదు.

ఏ దారిని, ఏ వేళకు, ఎన్ని బస్సులు నడుపవలెనో నిర్ణయించు చోట మనవారెందరు? 2023 ఎన్నికలలో 119 శాసనసభ స్థానములలో గెలిచిన స్త్రీలు 10 మంది. అదే సంవత్సరము పార్లమెంటు ఆమోదించిన మూడవవంతు స్థానముల చట్టమును జనాభా లెక్కలకును, నియోజకవర్గముల పునర్విభజనకును ముడిపెట్టిరి.

అందాక వోటడుగ వచ్చువారిని, ఉచితమా కాదా అని గాక, మన వీధికి ఉదయమెన్ని బస్సులు, రాత్రి యెన్ని బస్సులు అని అడుగవలెను. అంకెతోనే జవాబు పుచ్చుకొనుడు.