గెలుపు ఎవరి ఖాతాలో?

క్రికెట్‌లో ఒక జట్టు గెలిస్తే ఆ గెలుపును ఏ ఒక్క బౌలరు పేరునా రాయరు. అతను ఎన్ని వికెట్లు తీశాడు, ఎన్ని పరుగులిచ్చాడు అనేవే రాస్తారు. అమెరికాలో పేరున్న బేస్‌బాల్ ఆటలో అలా కాదు. అక్కడ బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. ప్రతి మ్యాచ్‌లోనూ గెలుపు ఒక పిచర్ ఖాతాలో, ఓటమి అవతలి జట్టు పిచర్ ఖాతాలో వేస్తారు. ఆ అంకెను చూసి మనిషి గొప్పతనం తేల్చడం అన్యాయమని నేనంటాను. ఎందుకో మీరే లెక్క వేసి చూడండి.

1987లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టుకు ఆడిన నోలన్ రయన్‌కు అప్పుడు 40 ఏళ్లు. ఆ ఏడు అతని ఖాతాలో 8 గెలుపులు, 16 ఓటములు. ఇంతవరకే చదివితే ఏమనుకుంటారు? ఇక ఆట మానేస్తే మేలు అనుకుంటారు, అవునా?

ఇప్పుడు మరో అంకె చూద్దాం. బేస్‌బాల్‌లో ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్ అయిపోతుంది. మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు అలాంటివి మామూలుగా 9. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చిన పరుగులు తీసేసి, మిగిలినవాటిని 9తో గుణించి, పిచర్ వేసిన ఇన్నింగ్స్‌తో భాగిస్తే అతని సగటు వస్తుంది. ఎంత తక్కువైతే అంత మంచిది. రయన్ 211.67 ఇన్నింగ్స్ వేసి 65 పరుగులిచ్చాడు. 65ను 9తో గుణిస్తే 585. దాన్ని 211.67తో భాగిస్తే 2.76. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో అదే అందరికంటే మంచి సగటు! బ్యాటు చేసేవాణ్ణి మూడు స్ట్రైకులతో వెనక్కి పంపడంలోనూ అతనే మొదటివాడు: 270 మందిని పంపాడు.

మరి 16 ఓటములెందుకు? పిచర్ రెండే పరుగులిచ్చినా, తన జట్టు ఒక్కటే తీస్తే ఓటమి అతని నెత్తినే పడుతుంది.

“నిజంగా గొప్పవాడైతే ఎలాగైనా గెలుస్తాడు” అనేవాళ్లున్నారు. వాళ్లు స్టీవ్ కార్ల్‌టన్‌ను చూపిస్తారు. 1972లో ఫిలడెల్ఫియా ఫిలీస్ 156 మ్యాచ్‌లాడి 59 మాత్రమే గెలిచింది. అందులో 27 కార్ల్‌టన్‌వే! ఓడినవి 10. మిగతా పిచర్లంతా కలిసి గెలిచింది 32, ఓడింది 87. అద్భుతమే, కాదనను. కానీ అతను 41 మ్యాచ్‌లు మొదలుపెట్టి 30 చివరిదాకా తానే వేశాడు. సగటున మ్యాచ్‌కు 8 ఇన్నింగ్స్ దాటింది. రయన్‌కు 1987లో ఆ సగటు 6 పైచిలుకే. మిగిలిన ఇన్నింగ్స్ వేరేవాళ్ల చేతిలో. అప్పుడు గెలుపు అతని ఒక్కడి పనెలా అవుతుంది?

ఏటా మేటి పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డుకు ఓటు వేసేది క్రీడా విలేఖరులు. 1987 ఓట్లలో రయన్‌కు దక్కింది ఐదో స్థానం. గెలుపుల గడి వాళ్ల కళ్లు కప్పిందనే నా నమ్మకం. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్ ఖాతాలో 10 గెలుపులు, 9 ఓటములే. అయినా 30 మంది ఓటర్లలో 29 మంది అతనికే మొదటి స్థానం ఇచ్చారు. అతను వేసినవి 217 ఇన్నింగ్స్, లెక్కలోకి వచ్చిన పరుగులు 41. అతని సగటెంతో పెన్సిలు తీసి మీరే కట్టండి. వాళ్లు వేసిన ఓటు సరైనదో కాదో తేలిపోతుంది.