వెలకట్టలేనిదా, వెల ఇవ్వనిదా?

అమ్మ చాకిరీకి వెలకట్టలేం అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మాతృదినోత్సవాల్లో, పదవీ విరమణ సభల్లో, మగ కవుల అంకితాల్లో ఈ మాట వినని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. తెలుగులో ఇంతకంటే చవకైన పొగడ్త లేదని నా వాదన. అంగట్లో ఒక వస్తువుకి వెలకట్టలేనని తెలిసినవాడు ఏం చేస్తాడు? బేరం మానుకుని పోతాడు. ఇక్కడ మాత్రం వెలకట్టలేనంటూనే సరుకు మొత్తం ఇంటికి మోసుకుపోతాడు.

నిజానికి మనకి ధరని చెప్పే మాటలకి కొదవ లేదు. వెల ఉంది, ధర ఉంది, సంస్కృతం ఇచ్చిన మూల్యం ఉంది, పారశీకం నుంచి వచ్చిన ఖరీదు, ఇంగ్లీషు నుంచి వచ్చిన రేటు ఉన్నాయి. వంకాయలకి ధర, పొలానికి రేటు, నాయకుల తప్పులకి ప్రజలు చెల్లించేది మూల్యం. ఆడదాని దగ్గరికి వచ్చేసరికి ఈ సంపదంతా రెండు మాటలకి కుదించుకుపోతుంది. వెల ఉన్న ఆడది వెలయాలు. వెల లేనిది అమూల్య. మొదటిది తిట్టు, రెండోది ముచ్చటపడి పిల్లకి పెట్టుకునే పేరు. వెలయాలికి పుంలింగం వెతికి చూడండి, దొరకదు. పొద్దుట్నుంచి రాత్రిదాకా తెలివినీ కండనీ అమ్ముకునే మగవాణ్ణి సంపాదనపరుడంటాం. ఈ రెండు మాటలూ బొమ్మా బొరుసూ. పనికి డబ్బు అడగబోయిన ప్రతిసారీ మొదటి మాట గుర్తొచ్చి నోరు మూసుకోవాలి. మూసుకున్నందుకు బహుమానంగా రెండో మాట దక్కుతుంది.

నేను పెరిగింది ప్రొద్దుటూరులో. బంగారం వ్యాపారంలో రెండో బొంబాయి అని మా ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ అంగళ్ళలో ధరకి సిగ్గు లేదు. ఆ రోజు గ్రాము ఎంతో బోర్డు మీద రాసి ఉంటుంది. దాని మీద తరుగు ఎంత, మజూరీ ఎంత అని వేరే లెక్క. కరిగించి, సాగదీసి, అరగదీసేటప్పుడు రాలిపోయే పొడికి కూడా నూటికి ఇంత అని కొనేవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. రాలిన పొడికి లెక్కగట్టే విద్య ఇంత బాగా వచ్చిన సమాజానికి, ఒక ఇంట్లో ఇరవై ఏళ్ళు అరిగిపోయిన మనిషి తరుగు మాత్రం లెక్కకి అందదట!

ఆ అంగళ్ళకి జనం ఎక్కువగా వచ్చేది పెళ్ళిళ్ళ కోసమే. పెళ్ళి మాటల్లో ధర అన్న మాట పొరపాటున కూడా వినపడదు. ‘ఏం పెట్టుకుంటారు?’, ‘మీ బిడ్డకే గదా’, ‘లాంఛనాలు మీ ఇష్టం’ అంటారు. 1961లో చట్టం కట్నాన్ని నిషేధిస్తే, అది ఇలా పేర్లు మార్చుకుని హాయిగా బతికింది. డాక్టరుకి ఇంత, అమెరికా సాఫ్ట్‌వేరుకి ఇంత అని వెనకాల చెప్పుకునేటప్పుడు మాత్రం అందరూ రేటు అనే అంటారు. రేటు పెరిగితే పెళ్ళికొడుకు తల్లి పొంగిపోతుంది. మగవాడికి ధర పలకడం హోదా.

ఇంకో మాట ఉండేది, ఓలి. మన విద్యార్థుల్లో చాలామందికి దాని అర్థం తెలియదు. శ్రమ చేసుకు బతికే అనేక కులాల్లో మగపెళ్ళివారు ఆడపిల్ల పుట్టింటికి ఇచ్చుకునే సొమ్ము అది. 1892లో గురజాడ ‘కన్యాశుల్కం’ రంగస్థలం ఎక్కినప్పుడు ఆయన కోపం పసిపిల్లల్ని ముసలివాళ్ళకి అమ్మే అగ్రహారాల మీద. ఆ కోపం న్యాయమైనది. ఆ తర్వాత సంస్కరణ చూపు అన్ని శుల్కాలనీ ఒకే గాటన కట్టింది. ఓలి అమ్మాయి చేతికి రాలేదు, తండ్రి తీసుకున్నాడు. దాన్ని వెనక్కి తెమ్మని నేననడం లేదు. అయితే ఆ మాటలో ఒక ఒప్పుకోలు ఉంది. పనిచేసే మనిషి ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పోతోంది, ఈ ఇంటికి నష్టం అని. కట్నం దాన్ని తలకిందులు చేసింది. తినే మనిషి వస్తోంది, మేపడానికి ముందుగానే చెల్లించండి అంది. చాకిరీ అదే, మనుషులూ వాళ్ళే.

మజూరీ అన్న మాట బంగారంలోనే కాదు, నేతలోనూ ఉంది. జమ్మలమడుగు చుట్టుపక్కల నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. మాస్టర్ వీవర్ నూలిచ్చి, నేసిన చీరకింత అనో పడుగుకింత అనో మజూరీ ఇస్తాడు. నూలు తోడడం, కండెలు చుట్టడం, పడుగు పోగులు అతకడం చేసేది ఎక్కువగా ఆ ఇంటి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, బడినుంచి వచ్చిన ఆడపిల్లలు. కండె లేకపోతే నాడె ఆడదు. అయినా మజూరీ పుస్తకంలో ఉండే పేరు ఒక్కటే. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో నేసేవాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలే. మగ్గం ఎక్కి నేసేవాళ్ళ పరిస్థితే అలా ఉంటే, మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టేదాన్ని ఎవరు గుర్తిస్తారు? ఆమెది ‘సాయం’. సాయానికి మజూరీ ఉండదు కదా.

అదే జమ్మలమడుగు ప్రాంతంలో ధరకి ఇంకో పేరు వినిపించింది. పరిహారం. గండికోట జలాశయం నిండుతూ 2020లో తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళొచ్చాయి. పొలానికి పట్టా చూసి, ఇంటికి కొలత చూసి లెక్కగట్టారు. 2013 భూసేకరణ చట్టం భర్తలేని స్త్రీలనీ, విడిచిపెట్టబడిన వాళ్ళనీ విడి కుటుంబంగా గుర్తించింది. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడైనా మగైనా విడి కుటుంబమే అంది. ఇది చిన్న విజయం కాదు. కానీ మొగుడున్న స్త్రీ ఆ నిర్వచనంలో అతని కుటుంబంలో ఒక మనిషి, అంతే. ఆమె ఎవరి గట్టుమీదో గడ్డి కోసుకొచ్చి బర్రెని మేపేది. ఆ పాల డబ్బులు ఒక్కటే ఆమె చేతిలో ఆడేవి. గట్టుకి ఆమె పేర పట్టా లేదు, గడ్డికి అసలే లేదు. కొత్త కాలనీలో సిమెంటు రోడ్డు పక్కన బర్రె ఏం తింటుంది? ఈ నష్టాన్ని రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు.

పులివెందుల వైపు పోతే రైతుల నోట వినిపించే మాట గిట్టుబాటు. అరటికి గిట్టుబాటు లేదు, చీనీకి గిట్టుబాటు లేదు. వాళ్ళ బాధ నిజం. ఆ పంటలకి మద్దతు ధర కూడా లేదు. జిల్లాలో పండే వేరుశనగకి, శనగకి, పత్తికి ఉంది. ఆ మద్దతు ధరని ఎలా లెక్కిస్తారో మనం శ్రద్ధగా చదవాలి. 2018-19 నుంచి కేంద్రం వాడుతున్న సూత్రంలో చేతినుంచి పెట్టిన ఖర్చుకి ‘కుటుంబ శ్రమ’ విలువని కలిపి, దాని మీద సగం ఎక్కువ వేస్తారు. కుటుంబ శ్రమ అంటే కూలి ఇవ్వకుండా ఇంటివాళ్ళు పొలంలో చేసిన పని. అంటే కలుపు తీసిన, కాయలు వొలిచిన ఇంటి ఆడదాని పనికి ప్రభుత్వ ఆర్థికవేత్తలు ఏటా శుభ్రంగా వెల కడుతున్నారు! లెక్క రాకపోవడమనే సమస్యే లేదు. లెక్కగట్టి, ఆ డబ్బుని పట్టాదారు ఖాతాలో వేస్తున్నారు.

కూలికి పోయే వాళ్ళ సంగతి వేరు. సమాన వేతన చట్టం 1976లో వచ్చినా, మగ కూలి, ఆడ కూలి అని రెండు రేట్లు మా ఊళ్ళలో నదురూ బెదురూ లేకుండా చెప్పేవాళ్ళు. 2006లో మొదటి విడతలోనే మా జిల్లాకి ఉపాధి హామీ వచ్చాక, గుంత తవ్విన కొలతకి ఇద్దరికీ ఒకే రేటు పడింది. ఆడవాళ్ళకి పొగరొచ్చిందని పెద్ద రైతులు సణిగారు. ఆ సణుగుడు నాకు ఎంతో ఇష్టమైన సంగీతం.

గిట్టు అన్న మాటకి మనకి రెండర్థాలు. లాభించడం ఒకటి, చచ్చిపోవడం ఒకటి. గృహిణి విషయంలో మన న్యాయవ్యవస్థ ఈ రెండింటినీ కలిపింది. ఆమె గిట్టితేనే గిట్టుబాటు. లారీ గుద్ది ఆమె పోయినప్పుడు కోర్టులో ఆమె పని విలువ ఎంతో తేల్చక తప్పదు. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టిక, సంపాదన లేని భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో మూడో వంతుగా తీసుకోమంది. 2001లో లతా వధ్వా కేసులో సుప్రీంకోర్టు మధ్యవయసు గృహిణి సేవలకి నెలకి 3,000 రూపాయలు కట్టింది. జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్ళతో, వేశ్యలతో, ఖైదీలతో కలిపి పనిచేయని వాళ్ళ జాబితాలో పెట్టడాన్ని 2010లో అదే కోర్టు తప్పుపట్టింది. 2021లో కీర్తి కేసులో జస్టిస్ రమణ, ఇంటిపనికి ఆదాయం లెక్కించడమంటే ఆ శ్రమని గుర్తించడమేనని విడిగా తీర్పు రాశారు. బతికున్నప్పుడు వెలకట్టలేనిది, చచ్చిపోగానే వెలకట్టదగినది అయిపోతుంది. ఆ డబ్బు తీసుకునేది ఎవరో చెప్పనక్కర్లేదు.

మనలోనే కొందరు స్నేహితులు అడ్డు చెప్తారని తెలుసు. ప్రేమనీ పెంపకాన్నీ మార్కెట్ భాషలోకి లాగితే పెట్టుబడికి ఇల్లు కూడా అప్పజెప్పినట్టే కదా అంటారు. ఈ వాదన నెల జీతం వచ్చే మనలాంటి వాళ్ళ నోటికి సులువుగా వస్తుంది. మనం మన వ్యాసం రాసుకునే పూట వంట చేసే అమ్మాయికి మనం ఒక రేటు కట్టాం, అదీ తక్కువే. మార్కెట్ ఇంటి గడప ఎప్పుడో దాటింది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనిలో రోజుకి స్త్రీలు 289 నిమిషాలు గడుపుతుంటే, మగవాళ్ళు 88. ఆ 201 నిమిషాల తేడాని ప్రేమ అని పిలవడానికి నేను ఒప్పుకోను. ప్రేమ అయితే మగవాళ్ళకి అంత తక్కువ ఎందుకుంది?

నేను అడిగేవి పెద్ద సిద్ధాంతాలు కావు. జమ్మలమడుగు మజూరీ పుస్తకంలో నేత పక్కన కండెలకి ఇంకో గడి గీసి, అందులో ఆమె పేరు రాయమంటున్నాను. ‘కుటుంబ శ్రమ’ పేరిట మద్దతు ధరలో కలిపిన భాగాన్ని ఆ శ్రమ చేసిన మనిషి ఖాతాలో విడిగా వెయ్యమంటున్నాను. ముంపు గ్రామాల లెక్కల్లో బర్రె మేతకి ఒక వరస ఉండాలంటున్నాను. ఎంత అని అడుగుతారా? రండి, బేరం అక్కణ్ణుంచి మొదలుపెడదాం.