బహుమతి లేని ఒక రాత్రి

ఇటీవల మన జిల్లాలలోని ఒక పరిషత్తువారు నాటికల పోటీలు జరిపి, ముగింపునాటి సభలో ఉత్తమ ప్రదర్శనమునకును, దర్శకత్వమునకును, ఆహార్యమునకును, రంగాలంకరణమునకును జ్ఞాపికలు పంచియిచ్చి, ఉత్తమ రచన వంతు వచ్చునప్పటికి, ఆ గౌరవమునకు తగిన కొత్త రచన ఏదియు తమకు కానరాలేదని న్యాయనిర్ణేతలచేత వేదికమీద చెప్పించిరి. ఆ వేదిక ముందరనే, తమ తొలి నాటికలను ఆ పోటీలకు తెచ్చుకొన్న యువరచయితలు కూర్చుండియుండిరి. తీర్పు చెప్పుట న్యాయనిర్ణేతల హక్కు. దానిని మేము కాదనము. కాని లోపమంతయు ఆ పిల్లల అశక్తతవలననే కలిగినదని సభవారు తలపోయునట్లుగా ఆ మాట వెలువడినది. లోపము మరియొకచోట నున్నదని మా విశ్వాసము.

నాటిక వ్రాతబల్లమీద ముగియదు. కథకుడు తన గదిలో ఒంటరిగా కూర్చుండి తన రచనను పూర్తిచేసికొనగలడు. నాటకకర్తకు ఆ స్వాతంత్ర్యము లేదు. తాను వ్రాసిన సంభాషణము మరొకరి నోట పలికినప్పుడుగాని, అందులో ఏ వాక్యము నటుని ఊపిరికి అందదో, ఏ మౌనము పది మాటల పని చేయగలదో, ఏ పాత్ర చేయుటకు పనిలేక రంగముమీద ఊరక నిలిచిపోయినదో అతనికి తెలియరాదు. దీనికి నిదర్శనము కావలెనన్న మన గురజాడవారి 'కన్యాశుల్కము'నే చూడవచ్చును. అది 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారిచే ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, అటుపిమ్మట 1909లో, ఆమూలాగ్రము పునర్లిఖితమై, నేడు మనమెరిగిన రూపమున వెలువడినది. ఆ మొదటి కూర్పును పరిశోధకుడు బంగోరె శ్రమకోర్చి 1969లో వెలుగులోనికి తెచ్చినాడు గనుక, రెంటిని ప్రక్కప్రక్కన నుంచుకొని పరిశీలించు భాగ్యము మనకు కలిగినది. అయిదంకములు ఏడైనవి, మధురవాణి నాటకమునకంతకును ప్రాణమైనది. ప్రదర్శనమునాటినుండి పదునేడేండ్లు గురజాడ ఆ కృతిని విడువలేదు. రంగముమీద చూచుకొన్న అనుభవము ఆ పునర్లేఖనములో పాలుపంచుకొనలేదని ఎవరు చెప్పగలరు? ఆ తొలి ప్రతిని తూచి చూచి, ఇది తగదని ప్రకటించి ఆయనను ఇంటికి పంపిన న్యాయనిర్ణేతలు ఆనాడు లేకపోవుట మన సాహిత్యము చేసికొన్న పుణ్యము.

కొత్తవాని రచనను పెద్దనటుడు చేపట్టుట కూడ మనకు తెలియని సంప్రదాయము కాదు. బళ్లారి రాఘవ, నటుడుగా అఖండమైన కీర్తి గడించిన పిమ్మట, తనకంటె ఇరువదియేండ్ల పైచిలుకు చిన్నవాడైన న్యాయవాది పి.వి. రాజమన్నారు రచించిన 'తప్పెవరిది'ని రంగమెక్కించినాడు. ఆ రాజమన్నారే తరువాతి కాలమున మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. కాని రాఘవ చేపట్టినది పదవిని కాదు, నాటకమును.

మరి నేడు జరుగుచున్నదేమి? 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు వెలసిన నాటినుండి, దాని అడుగుజాడలలో చిన్న చిన్న ఊళ్లలో సైతము పరిషత్తులు పుట్టి, చందాలు పోగుచేసి, దూరప్రాంతముల నటులకు అన్నముపెట్టి, తెలుగునాట నాటకమను దీపము కొండెక్కకుండ కాపాడినవి. ఆ ఋణము తీరునది కాదు. అయినను పోటీ తప్ప కొత్త నాటికకు మరియొక ద్వారము లేకుండ పోవుట ఆ రచయితకు ప్రాణాంతకమైనది. నాటక సమాజములవారు బహుమతి రాగల ప్రతిని వెదకుదురు, గంటలో ముగియవలెనందురు, స్త్రీపాత్ర ఒక్కటి చాలును, రెండైనచో ఖర్చు భరింపలేమందురు. పగలెల్ల ఉద్యోగములు చేసికొని రాత్రులు రిహార్సలుకు కూడుకొను నటులకు, బయటి ఊరినుండి ప్రదర్శనము ముందు వచ్చి చేరు నటీమణికి, సంభాషణములు కంఠస్థము చేయుటకే కాలము చాలదు. ఇక మార్చి వ్రాయుటకు తీరిక ఎక్కడిది? రచయిత రిహార్సలు గదిలో ఉండుటయే అరుదు. అతడు తన నాటికను మొట్టమొదట చూచునది న్యాయనిర్ణేతలు మార్కులు వేయుచున్న రాత్రియందే! అది తెలిసి అతడేమి చేయును? నిరుడు గెలిచిన నాటికలను చదివి, చివరి పది నిమిషములలో కన్నీరు తెప్పించు ఉపన్యాసమొకటి చేర్చి, తన స్వంత గొంతును తానే నొక్కుకొనును. ఇట్లు నొక్కించినవారే వేదికనెక్కి, కొత్తదనము కానరాలేదనుట అన్యాయము. ఈ మాటను మెత్తగా చెప్పుట మాకు చేతకాదు.

పోటీ లేనిదే ప్రేక్షకులు రారు, దాతలు ఈయరు అని నిర్వాహకులందురు. అది నిజమే కావచ్చును. మేము పోటీలను మానుమనుట లేదు. ఉన్న రాత్రులలో ఒక్క రాత్రిని బహుమతులు లేనిదానిగా విడువుడని మాత్రమే అడుగుచున్నాము. ఆ రాత్రి తెరలు వలదు, సెట్టింగులు వలదు. ఇద్దరు ముగ్గురు కొత్తవారి నాటికలను, అవి ఎంత అసంపూర్ణములైనను సరే, నటులు ప్రతులు చేతబట్టుకొని చదువుదురుగాక. అంతకుముందు కొన్ని దినములు రచయితయు దర్శకుడును ఒకే గదిలో కూర్చుండి, మాట మాటకును తగవులాడుకొని, తీసివేయవలసినది తీసివేయుదురుగాక. చదివిన పిదప రచయిత వేదికమీద నిలిచి, ఏ ఘట్టమున తమకు విసుగుపుట్టినదో ప్రేక్షకుల నోటనే వినునుగాక. మరుసటి యేడు అదే నాటిక, తిరుగవ్రాయబడి, అదే ఊరికి పూర్తి ప్రదర్శనముగా రావలెను. అప్పుడు పోటీలో నిలుపుడు, మార్కులు వేయుడు, నచ్చనిచో త్రోసిపుచ్చుడు, ఎవరును నొచ్చుకొనరు.

రాబోవు పోటీల ఆహ్వానపత్రములు అచ్చునకు పోకముందే ఆ ఒక్క రాత్రిని కేటాయింపుడని పరిషత్తుల కార్యదర్శులను ప్రార్థించుచున్నాము. ఏ ఊరివారు పూనుకొన్నను, అక్కడ చదువబడి తిరుగవ్రాయబడిన నాటికలకు ఈ పత్రికలో పుటలు కేటాయింతుము.