ఆయాసం మాత్ర ఒక్కసారిగా ఆపొద్దు

మీ ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ ఆదివారం ఒకసారి మందుల డబ్బా బోర్లించి చూడండి. వైసొలోన్, ఆమ్నాకార్టిల్, బెట్నెసాల్, మెడ్రాల్, డెఫ్‌కార్ట్... వీటిలో ఏ పేరున్న షీటు కనిపించినా అది స్టెరాయిడే. పేరు లేకుండా కాగితం పొట్లంలో కట్టిచ్చిన చిన్న మాత్రలుంటే వాటిని ఇంకా ఎక్కువ అనుమానించండి. తర్వాత వాడుతున్నవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఎన్నాళ్లుగా? 'ఆయాసం ఎక్కువైనప్పుడు అయిదు రోజులు' అన్నారంటే, ఏడాదిలో అలాంటి అయిదు రోజులు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. 'పోయిన సంక్రాంతి నుంచి రోజూ' అన్నారంటే ఈ మాటలన్నీ మీకోసమే.

రావులపాలెం చుట్టుపక్కల ఈ లెక్క తేలడం కష్టం. ఏడాది పొడవునా తేమ. గోదావరికి వరదొచ్చి పోయాక గోడల మీద బూజు. ఆ తర్వాత నూర్పిళ్ల దుమ్ము, కొబ్బరి పీచు నలుసు, ఇటుక బట్టీల పొగ. తెల్లవారుజామున అరటి మార్కెట్‌లో గెలలు దించే మనిషికైనా, ఎదురుగా కొట్టు పెట్టుకున్న మనిషికైనా ఆయాసం వచ్చిన రోజు రాజమహేంద్రవరమో కాకినాడో వెళ్లే తీరిక ఉండదు. దగ్గర్లో ఇంజెక్షన్ చేయించుకుంటారు, మాత్రలు తెచ్చుకుంటారు, సాయంత్రానికి తేలికపడతారు. చదువుకున్న ఇళ్లలో తీరు కాస్త మారుతుంది, అంతే. రెండేళ్ల కిందటి చీటీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటారు. నెలనెలా మందుల షాపులో అదే చూపిస్తారు. ఆకలి పెరుగుతుంది, బుగ్గలు నిండుతాయి, 'ఒళ్లు చేశావమ్మా' అని పెళ్లిలో ఎవరో మెచ్చుకుంటారు. షుగరు, శుక్లాలు, ఎముకల గుల్లతనం, చిన్న దెబ్బకే కమిలిపోయే చర్మం తర్వాత ఒక్కొక్కటిగా వస్తాయి. అవన్నీ ఆ మాత్ర పద్దులోనివేనని చాలామందికి తట్టదు.

ఇంత చెప్పి కూడా నేను స్టెరాయిడ్‌ని దుష్టమందు అనను. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో కదల్లేని రోగికి మొదటిసారి కార్టిసోన్ ఇచ్చారు. దాని వెనక ఉన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 1950లోనే నోబెల్ వచ్చింది. ఉబ్బసం ముదిరి మాట పెగలని స్థితిలో ఈనాటికీ ప్రాణం కాపాడేది ఆ మందే. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 2021లో కొవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్ వార్తలు చూశాక స్టెరాయిడ్ అంటే ఇళ్లలో హడలు పుట్టింది. అంతకుముందు ఏళ్లతరబడి ప్రశ్నించకుండా మింగినవాళ్లే, ఎవరో చెప్పారని ఒక సోమవారం పొద్దున ఠక్కున ఆపేయడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఏళ్లతరబడి వాడటం కంటే ఈ ఠక్కున ఆపడమే త్వరగా ప్రాణం మీదికి తెస్తుంది.

ఎందుకో చూడండి. మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. రోజూ అవి కార్టిసాల్ అనే సహజ స్టెరాయిడ్‌ను తయారుచేస్తాయి. మాత్రల లెక్కలో చెప్పాలంటే సుమారు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌తో సమానం. బయటినుంచి మాత్ర రూపంలో మూడు నాలుగు వారాలకు మించి అంతకన్నా ఎక్కువ అందుతుంటే గ్రంథులు పని తగ్గించుకుంటాయి. రోజూ పక్కింటి మోటారు నీళ్లే పట్టుకుంటుంటే మన బావి మోటారు తుప్పు పట్టినట్టన్నమాట. పక్కింటివాళ్లు హఠాత్తుగా స్విచ్చి కట్టేస్తే మన మోటారు ఆ పూటే తిరగదు. మళ్లీ పూర్తిగా పనిలో పడటానికి నెలలు, కొందరికి ఏడాది దాటి కూడా పడుతుంది. ఈలోగా నీరసం, వికారం, వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం. జ్వరమో ఆపరేషనో తోడైతే మనిషి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మన దగ్గర దీన్ని 'వేడి చేసింది' అనో 'బీపీ డౌన్ అయింది' అనో అనుకుని సెలైన్ ఎక్కించి పంపేయడం మామూలే. ఫలానా మాత్ర వాడి పది రోజుల కిందట మానేశామన్న ఒక్క ముక్క మీరు చెప్పకపోతే ఎంత మంచి డాక్టరైనా పొరబడవచ్చు.

మరి ఎలా తగ్గించాలి? మీ డాక్టరు చేయాల్సిన పని నేను పేపర్లో చేయను గానీ, దాని తీరు తెలిస్తే మీరు సరైన ప్రశ్నలు అడగగలరు. మాత్ర తగ్గించే ముందు పీల్చే స్టెరాయిడ్ గట్టిగా కుదురుకోవాలి. ఇన్‌హేలర్ అంటే చివరి దశ అనీ, అలవాటైపోతుందనీ భయపడే ఇళ్లే మాత్రలు మాత్రం నిశ్చింతగా మింగుతుంటాయి! ఒక పీల్పులో మందు 200 మైక్రోగ్రాములుంటే, 5 మిల్లీగ్రాముల మాత్రలో ఉండేది 5,000 మైక్రోగ్రాములు. బరువు లెక్కన పాతిక రెట్లు. పైగా పీల్చింది నేరుగా ఊపిరితిత్తులకు వెళుతుంది, మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. పెద్దవాళ్లకు, పిల్లలకు స్పేసర్ తగిలిస్తే మందు గొంతులో వృథా కాదు. ఎలా పీలుస్తున్నారో ప్రతిసారీ డాక్టరు ముందు చేసి చూపించండి. మందు పనిచేయడం లేదనుకునే చోట చాలాసార్లు తప్పు పీల్చే తీరులోనే ఉంటుంది.

ఆ తర్వాత దిగడం. ఎక్కువ డోసు నుంచి పది మిల్లీగ్రాముల దాకా కాస్త వేగంగానే దించుతారు. అక్కడి నుంచి నడక మారుతుంది. ఒక మెట్టు ఒకటి నుంచి రెండున్నర మిల్లీగ్రాములు, మెట్టుకీ మెట్టుకీ మధ్య కొన్ని వారాలు. అయిదు దగ్గరికి వచ్చాక ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో, ఆ రోజు మాత్ర వేసుకోకముందు, రక్తంలో కార్టిసాల్ చూపించి గ్రంథులు లేచాయో లేదో తెలుసుకోవడం మంచిది. చాలామంది జారేది ఈ చివరి మెట్ల దగ్గరే, 'ఇంకెంత, ఒక్క మాత్రేగా' అనుకుని. మాత్ర సైజు చూసి కూడా మోసపోకండి. బెట్నెసాల్ అరమిల్లీగ్రాము మాత్ర ఒక్కటి సుమారు 4 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సాటి. డాక్టరు మారినప్పుడు 'రోజుకు ఒకటి' అని చెప్పకండి, షీటు చూపించండి.

ఇంకో మాట, ఇది పెద్దగా ఎవరూ చెప్పరు. తగ్గించే తేదీలు పెట్టుకునేటప్పుడు పక్కన గోడ క్యాలెండరు ఉంచుకోండి. భోగి మంటల వారంలో మెట్టు దిగొద్దు. దీపావళికీ అంతే. మీ చుట్టూ కోతలు, నూర్పిళ్లు జోరుగా ఉన్న రోజుల్లో, ఇంట్లో సున్నాలు వేయించే రోజుల్లో వద్దు. కోనసీమలో సంక్రాంతి అంటే భోగి నుంచి కనుమనాటి ప్రభల తీర్థం దాకా పొగ, దుమ్ము, జనం. ఆ నాలుగు రోజులు ఉన్న డోసు మీదే ఉండి, పండుగ వెళ్లాక దిగినా కొంప మునగదు. కార్తీక సోమవారం ఉపవాసమైనా పొద్దుటి మాత్ర మానకూడదు. ఖాళీ కడుపున పడదు కాబట్టి పాలో పండో తీసుకుని వేసుకోండి. ఉపవాసం భంగమైందన్న దిగులు అత్తగారికే కాదు, దేవుడికి కూడా ఉండదనుకుంటాను.

తగ్గిస్తున్నన్నాళ్లూ పీక్ ఫ్లో మీటరు ఇంట్లో ఉంచుకోండి. ఊదితే అంకె చూపించే చిన్న గొట్టం అది. ఉదయం, సాయంత్రం ఊది నోటుపుస్తకంలో రాయండి. మీకు బాగున్న రోజుల అంకెలో 80 శాతం కంటే దిగిందంటే తర్వాతి మెట్టు ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. ఒళ్లునొప్పులు, నీరసం ఉండి అంకె నిలకడగా ఉంటే అది మందు తగ్గిన బాధ కావచ్చు. రాత్రి దగ్గు, పిల్లికూతలు వచ్చి అంకె పడిపోతుంటే ఉబ్బసమే తిరగబెడుతోంది. రెండింటికీ వైద్యం వేరు.

డాక్టర్ల మీద నాకో ఫిర్యాదుంది. డిశ్చార్జి కాగితం మీద 'టేపర్ అండ్ స్టాప్' అని మూడు ఇంగ్లిషు ముక్కలు రాసి ఇస్తే రావులపాలెంలో ఉన్న అమ్మమ్మకు ఏం అర్థమవుతుంది? ఏ తేదీ నుంచి ఎంత, ఎప్పటికి సున్నా, మధ్యలో జ్వరమొస్తే ఏం చేయాలి అన్నది తెలుగులో అరపేజీ రాయడానికి అయిదు నిమిషాలు చాలు. రాయకపోతే అడిగి రాయించుకోండి, మొహమాటపడొద్దు.

ఎంత జాగ్రత్తగా దించినా ఒక మెట్టు దగ్గర ఆగిపోయేవాళ్లుంటారు. వాళ్లను తప్పుబట్టకూడదు. ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్ బూజు తెచ్చే అలర్జీ ఉందేమో, రక్తంలో ఈసినోఫిల్స్, ఐజీఈ ఎంతున్నాయో చూడాలి. కొందరికి బయొలాజికల్ ఇంజెక్షన్లు దారి చూపిస్తాయి. బెన్రలిజుమాబ్ మీద 598 మందితో జరిగిన పొనెంటె అధ్యయనంలో గ్రంథుల పనితీరు పరీక్షిస్తూ నెమ్మదిగా తగ్గించుకుంటూ పోతే సుమారు 63 శాతం మంది మాత్ర పూర్తిగా మానగలిగారు. ఖరీదు మధ్యతరగతికి మోయలేనంత. అయినా ఆ మార్గం ఒకటుందని తెలిసి అడగడం వేరు, తెలియక ఊరుకోవడం వేరు.

మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్లి చేప ప్రసాదం తీసుకునే కుటుంబాలు మన జిల్లాలోనూ ఉన్నాయి. దాంతో ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. నమ్మకం మీది, వెళ్లాలనుకుంటే వెళ్లిరండి. అక్కడ చెప్పే 45 రోజుల పథ్యంలో స్టెరాయిడ్ మాత్రను, ఇన్‌హేలర్‌ను మాత్రం కలపకండి.

చివరగా, పర్సులో ఒక కాగితం పెట్టుకోండి. వాడుతున్న స్టెరాయిడ్ పేరు, డోసు, మొదలుపెట్టిన నెల, డాక్టరు నంబరు రాసి ఉంచండి. జ్వరం వస్తే డోసు తాత్కాలికంగా పెంచాల్సి రావచ్చు, ఎంత పెంచాలో ముందే అడిగి అందులోనే రాసుకోండి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి ఆ కాగితం చూపించండి, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ అవసరం పడుతుంది. మాత్ర పూర్తిగా మానేశాక కూడా ఏడాది పాటు దాన్ని పర్సులోంచి తీయొద్దు. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, కుర్చీలో కూర్చునే ముందు అదే చూపించండి.