తప్పిపోయింది తెలియాలంటే ముందు లెక్క ఉండాలి



ఈ వారం ధ్యానానికి లూకా సువార్త 15వ అధ్యాయం తీసుకుంటున్నాము. నూరు గొర్రెలున్న కాపరి, ఒకటి తప్పిపోతే మిగిలినవాటిని విడిచి దాన్ని వెదకబోయాడు. ఆ కాపరి ప్రేమ గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఒక చిన్న సంగతి మాత్రం దాటిపోతుంటాము. ఒకటి తగ్గిందని అతనికి ఎలా తెలిసింది? లెక్కపెట్టుకున్నాడు గనుక తెలిసింది. లెక్కలేని మందలో ఒకటి పోయినా పది పోయినా కాపరికి తెలియదు.

ఇప్పుడు మనల్ని మనం అడుగుదాము. మన పొలాల్లో పూల మీద వాలే ఈగలు ఎన్ని రకాలు? పోయిన ఏడాది కన్నా ఈ ఏడాది ఎక్కువ వచ్చాయా, తక్కువ వచ్చాయా? ఎకరానికి ఎన్ని బస్తాలు దిగాయో మన రైతు సహోదరులు పదేళ్ల లెక్క నోటితో చెబుతారు. ఈ లెక్క అడిగితే ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాము. దేవుడు ఆదామును తోటలో పెట్టింది దాన్ని సాగు చేయడానికే కాదు, కాయడానికి కూడా అని ఆదికాండము 2:15 చెబుతుంది. సాగు సంగతి మనకు బాగా గుర్తుంది. కాపలా సంగతి మరిచిపోయాము.

“అయ్యగారూ, ఆత్మల రక్షణ గురించి చెప్పండి, ఈగల గోల మనకెందుకు?” అనేవారున్నారు. “ఈ భూమి ఎలాగూ కాలిపోయేదే కదా” అని పేతురు రెండవ పత్రిక చూపించేవారూ ఉన్నారు. ఈ మాట భక్తిగా వినిపిస్తుంది గాని, ఇది బద్ధకానికి వేసిన భక్తి ముసుగు. ఈ శరీరం కూడా మట్టిలో కలిసేదే. అలాగని బీపీ మాత్ర మానేస్తున్నామా? జలప్రళయం తరువాత దేవుడు నిబంధన చేసింది నోవహు కుటుంబంతో మాత్రమే కాదు, ఓడలోనుండి దిగిన ప్రతి ప్రాణితోనూ చేశాడు. ఆదికాండము 9వ అధ్యాయం మరొక్కసారి చదవండి. పిచ్చుక నేలకు పడినా తండ్రికి తెలుసని ప్రభువే చెప్పాడు. తండ్రి లెక్కలో ఉన్నవాటిని మనం లెక్కచేయకపోవడం ఆత్మీయత ఎలా అవుతుంది?

కోతల పండుగనాడు మందిరంలో బల్ల మీద పెట్టే ప్రథమఫలాలను చూడండి. గుమ్మడికాయలు, దోసకాయలు, వంకాయలు, కందులు, నువ్వులు. గుమ్మడిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తెల్లవారుజామున విచ్చుకుని పొద్దెక్కేసరికి ముడుచుకుపోతుంది. ఆ కొద్ది గంటల్లో ఏదో ఒక ఈగ ఆ పువ్వు మీదనుండి ఈ పువ్వు మీదకు పుప్పొడి మోయాలి. మోయకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. అప్పుడు కొందరు దిష్టి తగిలిందంటారు. తగిలింది దిష్టి కాదు, రావలసిన ఈగ రాలేదు.

వంకాయ సంగతి ఇంకా వింత. దాని పుప్పొడి సన్నని గొట్టాల్లాంటి సంచుల్లో, కొసన చిన్న రంధ్రంతో ఉంటుంది. తేనెటీగకు దాన్ని దులపడం చేతకాదు. గండుతుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని వణికిస్తే అది రాలుతుంది. ఆ తుమ్మెద మనకు ఒక్క చుక్క తేనె ఇవ్వదు. ఎండిన కర్రలో, వెదురులో గూడు తొలుచుకుని బతుకుతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు సంకర కంది విత్తనం తయారుచేసినప్పుడు కూడా పుప్పొడి మోసే పనిని ఈగలకే వదిలారు. లోకంలో 20,000కు పైగా ఈగజాతులు పూలను నమ్ముకుని బతుకుతున్నాయి. వాటిలో తేనె కూడబెట్టేవి కొన్నే. ఎక్కువ భాగం నేలలో బొరియ చేసుకుని ఒంటరిగా ఉండేవే.

అందుకే “ప్రభుత్వం తేనెటీగల పెట్టెలు ఇస్తోంది కదా, ఇంకేం భయం” అనే మాటకు మేము ఒప్పుకోము. 2020లో కేంద్రం తేనె మిషన్‌కు 500 కోట్లు ప్రకటించింది. పెట్టెలు పెట్టుకున్న కుటుంబాలకు నాలుగు రూపాయలు వస్తే మాకు సంతోషమే. కానీ ఆ పెట్టెల్లో చాలావాటిలో ఉండేది విదేశీ జాతి తేనెటీగ. దాన్ని లెక్కపెట్టి మన ఈగలన్నీ క్షేమమనడం, హాస్టల్లో హాజరు చూసి ఊళ్లో పిల్లలందరూ చదువుకుంటున్నారని రాసుకోవడం లాంటిది. చెట్టు తొర్రలో, పుట్టలో ఉండే తేనెటీగ, కంపల్లో అరచేతంత పట్టు పెట్టే చిన్న తేనెటీగ, గోడ సందుల్లో ఉండే కుట్టని ఈగ, గట్టు మట్టిలో ఉండే ఒంటరి ఈగ ఏ రిజిస్టరులో ఉన్నాయి?

ఇక మన చేతులతో జరుగుతున్న నాశనం చూద్దాము. ఎత్తైన గోడకో నీళ్ల ట్యాంకుకో మందిరం గోపురానికో కొండ తేనెటీగలు పట్టు పెడతాయి. వెంటనే కమిటీ కూర్చుంటుంది, రాత్రికి కాగడా లేస్తుంది. వేల ఈగలు, వాటి పిల్లలు ఒక్క గంటలో బూడిద. అవి రేగితే మనుషుల ప్రాణాలు పోతాయన్న భయం అబద్ధం కాదు. బడి గుమ్మం మీద పట్టు ఉంటే, దాన్ని చంపకుండా తీయడం తెలిసినవారిని పిలవాలి. కానీ ఎవరికీ అందని ఎత్తులో ఉన్నదాన్ని ఎందుకు కాల్చాలి? ఈ జాతి వలస ఈగ. పూలు ఉన్న కాలం ఉండి, పూలు అయిపోగానే తనంతట తానే వెళ్లిపోతుంది. గుంపుగా వచ్చి కొమ్మ మీద వాలింది చాలాసార్లు కొద్ది రోజుల్లోనే లేచిపోతుంది. రాళ్లు వేయకుండా, పొగ పెట్టకుండా, ఆ పక్క టపాకాయలు కాల్చకుండా పిల్లల్ని దూరంగా ఉంచితే చాలు. పక్షిగూడు దొరికితే పిల్లలను తీసుకోవచ్చు గాని తల్లిని వదిలిపెట్టాలని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో దేవుడు ధర్మశాస్త్రంగా ఇచ్చాడు. తేనె మాత్రం కోసుకుని, పిల్ల ఉన్న భాగాన్ని పట్టుకే వదిలేసే అడవి బిడ్డ ఈ ఆజ్ఞను చదవకపోయినా పాటిస్తున్నాడు. చదివిన మనం కాగడా పడుతున్నాము.

రెండవది మందు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి మందులు మొక్క ఒంట్లోకి ఎక్కి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరతాయి. వీటితో కలిపి మూడు మందులను ఆరుబయట పొలాల్లో వాడకూడదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించింది. మన దగ్గర అవి కొట్లో అడిగిన వెంటనే దొరుకుతాయి. రైతును మేము నిందించము. చాలాచోట్ల అప్పు ఇచ్చేదీ ఆ కొట్టే, మందు పేరు చెప్పేదీ ఆ కొట్టే. కానీ పూత మీద, పొద్దున్నే ఈగలు తిరిగే వేళ పిచికారీ చేసి, సాయంత్రం పంట కోసం ఉపవాస ప్రార్థన పెట్టమంటే మేము దేవుని ముందు ఏమని అడగాలి? పూతకాలంలో అవసరం లేని మందు మానండి. తప్పనిసరైతే ఈగలు గూటికి చేరాక, పొద్దు వాలాక కొట్టండి. నష్టం పూర్తిగా పోదు గాని కొంత తగ్గుతుంది.

లెక్కపెట్టడం శాస్త్రవేత్తల పని, మనది కాదు అనకండి. జర్మనీలో క్రెఫెల్డ్ పట్టణపు కీటకాల అభిమానుల సంఘం రక్షిత ప్రాంతాల్లో వలలు పెట్టి, పడిన పురుగుల బరువు ఓపికగా తూచి రాసుకుంది. 27 ఏళ్ల లెక్క 2017లో బయటికి వస్తే, ఎగిరే పురుగుల బరువు 75 శాతానికి పైగా పడిపోయిందని తేలింది. వాళ్లు రాసుకోకపోతే ఆ నష్టం లోకానికి తెలిసేది కాదు. బ్రిటన్‌లో 2017 నుండి మామూలు జనమే పది నిమిషాలు పూల దగ్గర కూర్చుని వాలిన ఈగలను లెక్కిస్తున్నారు. మే 20న జరిపే ప్రపంచ తేనెటీగల దినం కూడా ఒక రాత వల్ల వచ్చినదే. స్లొవేనియాకు చెందిన తేనెటీగల గురువు ఆంటన్ యాన్షా 1734లో బాప్తిస్మం పొందిన తేదీ అది. అతని బాప్తిస్మం ఎవరో రాసి ఉంచారు గనుక ఈనాడు లోకానికి ఆ తేదీ ఉంది.

కాబట్టి మన సంఘాన్ని అడుగుతున్నాము. ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు, పొద్దున్నే, ఒకే పాదు దగ్గర పది నిమిషాలు కూర్చోండి. తేనెటీగ, తుమ్మెద, సీతాకోకచిలుక, మిగతా ఈగ అని నాలుగు గీతలు గీసి, వాలినవాటిని రాయండి. పేర్లు తెలియకపోయినా పరవాలేదు. జీవులను చూసి పేరు పెట్టడం ఆదాముకు దేవుడు అప్పగించిన పని, మన సండేస్కూల్ పిల్లలు అది సంతోషంగా చేస్తారు. పొలం గట్టున కొంత మేర దున్నకుండా, గడ్డిమందు కొట్టకుండా వదలండి. మందిరం మీద పట్టు కాల్చాలని పెద్దలు తీర్మానిస్తే, ముందు ద్వితీయోపదేశకాండము 22 సంఘమంతటి ముందు చదవండి. చదివాక కూడా కాగడా ఎత్తగలిగినవారు ఎత్తండి.

నూటిలో ఒకటి తగ్గిందని తెలుసుకున్న కాపరి మన ప్రభువు. ఆయన మందలోని వాళ్లమని చెప్పుకునే మనకు లెక్క బరువు కాకూడదు. ప్రభువు మన చేతుల పనిని, మన పొలాల్లోని ప్రతి ప్రాణినీ కాపాడును గాక. ఆమేన్.