కుక్కకు మాట నేర్పడం యజమాని బాధ్యత

రామగుండం, గోదావరిఖని బొగ్గుబాయిల ప్రాంతంలో కుక్క లేని వాడ కనబడదు. యైటింక్లయిన్ కాలనీ మొదలు సెంటినరీ కాలనీ దాకా కార్మికుల క్వార్టర్ల ముందు, చుట్టుపక్కల పల్లెల్లో దొడ్ల దగ్గర కుక్కలు కాపలా ఉంటున్నాయి. రాత్రి డ్యూటీకి మగవారు బాయికి పోతే చాలా ఇళ్లకు అదే ధైర్యం. కాబట్టి కుక్కను పెంచడం తప్పు కాదు. పెంచి, దానికి ఒక్క మాటయినా నేర్పకుండా వీధి మీదికి వదలడమే తప్పు.

సెకండ్ షిఫ్టు దిగి అర్ధరాత్రి మోటారు సైకిలుపై ఇల్లు చేరే కార్మికుని సంగతి ఆలోచించండి. పని చేసి అలసి వస్తుంటాడు. మలుపులో కుక్క మొరుగుతూ కాళ్ల మీదికి వస్తే బండి అదుపు తప్పుతుంది. యజమాని అరుగు మీద నిలబడి "ఏమీ చేయదు, పోండి" అంటాడు. ఏమీ చేయదని ఆయనకు తెలుసు గాని, బండి మీది మనిషికి ఎట్లా తెలుస్తుంది? "ఆగు" అంటే ఆగే కుక్కయితే ఈ గొడవే ఉండదు.

"మనది ఊరకుక్క, చదువులన్నీ పోలీసు కుక్కలకే" అనేవారున్నారు. ఇది సరికాదు. గొల్ల, కురుమల మందల వెంట నడిచే కుక్కలు జాతికుక్కలు కావు. అయినా ఈల వేస్తే వస్తాయి, అదిలిస్తే వెనక్కి తగ్గుతాయి.

నేర్పితే కుక్క ఎంత పనికి వస్తుందో 2025లో రాష్ట్రమంతా చూసింది. ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద ఎస్.ఎల్.బి.సి. సొరంగం కప్పు కూలి 8 మంది చిక్కుకున్నారు. మన సింగరేణి రెస్క్యూ బృందాలు కూడా వెళ్లి పనిచేశాయి. బురద, ఊటనీటి మధ్య ఎక్కడ తవ్వాలో తెలియని స్థితిలో కేరళ పోలీసుల కుక్కలను రప్పించారు. అవి వాసన పట్టి చూపిన చోట తవ్వగా మార్చి 9న మొదటి మృతదేహం బయటపడింది. బాయి ప్రమాదమంటే ఏమిటో తెలిసిన మనకు ఆ కుక్కల విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇంటి కుక్కకు అంత శిక్షణ అవసరం లేదు. "దా", "కూర్చో", "ఆగు", "వదులు" అనే నాలుగు మాటలు చాలు. ఇంగ్లీషులోనే చెప్పాలన్న నియమమూ లేదు. అయితే ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. తండ్రి "దా" అని, కొడుకు "కమాన్" అని, అవ్వ "ఇటు రా" అని పిలిస్తే అది ఎవరి మాటా వినదు.

రొట్టె ముక్కను కుక్క ముక్కు ముందు నుంచి తల మీదుగా మెల్లగా వెనక్కి జరిపితే అది దానంతటదే కూర్చుంటుంది. కూర్చునేటప్పుడు "కూర్చో" అని, వెంటనే ముక్క పెట్టాలి. ఆలస్యం చేస్తే దేనికి పెట్టారో దానికి తెలియదు. పూటకు 5 నిమిషాలు చాలు. "ఆగు" అన్నది మొదట ఇంట్లో, తర్వాత వాకిట్లో, ఆ తర్వాత తాడు పట్టుకొని వీధిలో నేర్పాలి.

పిలిచి కొట్టరాదు. కోడిని పట్టిందని కుక్కను "దా" అని పిలిచి కట్టె అందుకునేవారున్నారు. ఆ దెబ్బ కోడి కోసమని కుక్కకు తెలియదు. "దా" అంటే దెబ్బలని మాత్రం తెలుసుకుంటుంది. మరునాడు పిలిస్తే రాకపోతే తప్పు ఎవరిది? పగలంతా గొలుసుతో కట్టివేసినా దాని మొండితనం పెరుగుతుంది.

మాట వినే కుక్కకయినా టీకా తప్పనిసరి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపైన ఏటేటా వేయించాలి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. పసరు, కారం, సున్నం పెట్టరాదు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు హాని కలుగకుండా జాగ్రత్తపడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

వీధికుక్కల బాధ్యత మున్సిపల్ వారిది. మెడకు పట్టీ కట్టిన కుక్క విషయంలో వారిని నిందించి లాభం లేదు. సింగరేణి యాజమాన్యం, కార్మిక సంఘాలు, పశువైద్యాధికారులు కలిసి కాలనీల్లో, పల్లెల్లో టీకాల శిబిరాలు పెట్టి, అక్కడే ఈ నాలుగు మాటలు నేర్పే విధానం కూడా చూపించాలి. అంతవరకు ఆగనక్కరలేదు. ఒక రొట్టె ముక్క, కొంచెం ఓపిక ఉన్నవారు ఈ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు.