బంతి పట్టిన ఆడబిడ్డ



కొన్ని సంవత్సరాల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిసిన పిమ్మట ఒక తండ్రి మా యొద్దకు వచ్చాడు. “అయ్యగారూ, మా పాపను బడిలో ఆటలకు ఎంచుకున్నారు. వేరే ఊరికి పోవల్లంట. పంపాల్నా వద్దా?” అని అడిగాడు. “ఆడపిల్లకు ఆటలెందుకు? చదువు చూసుకోనీ” అని చెప్పాము. ఆ తండ్రి తల ఊపి వెళ్లిపోయాడు. బిడ్డ మరల మైదానానికి పోలేదు. ఆ మాట మేము మరచిపోయాము.

2025 నవంబరు 2వ తేదీ రాత్రి అది మాకు జ్ఞాపకం వచ్చింది. ఆ రాత్రి నవీ ముంబయిలో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి, మొట్టమొదటిసారి ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులో మన కడప జిల్లా బిడ్డ శ్రీచరణి ఉన్నది. ఆ పోటీలన్నింటిలో కలిపి ఆమె 14 వికెట్లు తీసింది. అప్పటికి ఆమె వయస్సు 21 సంవత్సరాలే.

ఈ బిడ్డ ఏ పట్టణపు క్లబ్బులోనో పుట్టి పెరిగినది కాదు. తండ్రి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. చిన్నతనంలో మేనమామతో ఇంటి దగ్గర బ్యాటూ బంతీ ఆడుకొన్నది. బడిలో ఖోఖో, పరుగు పందేలు ఆడినది. క్రికెట్టే తన దారి అనుకొన్నప్పుడు తల్లి సంతోషించింది గాని, తండ్రి ఒప్పుకొనుటకు ఒక సంవత్సరం పట్టింది. తండ్రులారా, ఆయన సందేహించాడని తప్పు పట్టవద్దు. సందేహించి, తరువాత ఒప్పుకొన్నాడు. అది గమనించండి.

మరొక సంగతి. ఆమె మొదట వేగంగా బంతి వేసేది. వికెట్లు రాలేదు. అప్పుడు ఆట మానలేదు, పద్ధతి మార్చుకొన్నది. ఎడమచేతి స్పిన్ నేర్చుకొన్నది. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో భారతదేశం తరఫున మొదటిసారి ఆడినది. అదే జూన్‌లో ఇంగ్లండులో తన మొదటి ఇరవై ఓవర్ల మ్యాచ్‌లో 12 పరుగులిచ్చి 4 వికెట్లు తీసింది. బంతి వేసేవారికి దెబ్బలు తప్పవు. సిక్సరు కొట్టించుకొన్న చేతితోనే తరువాతి బంతి వేయాలి. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాస్తూ పందెగాని మితాన్ని చూపించింది ఊరకే కాదు.

ఆడిన ప్రతి బిడ్డా ప్రపంచ కప్పు తెస్తుందని మేము చెప్పడం లేదు. చాలామందికి ఆ పేరు రాదు. అయినా పరుగెత్తే కాళ్లను మన భయంతో కట్టివేయడం న్యాయమా? ఎవరు వెంట వెళ్తారు, రాత్రి ఎక్కడ ఉంచుతారు, చదువు సంగతేమిటి అని ఉపాధ్యాయులను అడగండి. అడగడం తండ్రి బాధ్యత. అడిగిన తరువాత నమ్మకం కుదిరితే పంపండి.

ఈ మధ్య మేము ఆ ఇంటికి వెళ్లాము. ఆ అమ్మాయికి పెళ్లయింది, చంకలో ఆడపిల్ల. ఆనాడు మేము చెప్పినది తప్పని ఒప్పుకొన్నాము. “పర్లేదులే అయ్యగారూ” అని మంచినీళ్లు ఇచ్చింది.

పర్లేదని మాకు మాత్రం తోచలేదు. అందుకే ఈ నెల ఇది వ్రాస్తున్నాము.